ఆకుకి కాటుక పెట్టిన అంకాలి

అంకాలి. యాభై అయిదేళ్ళ మనిషి. రోజూ పొద్దుగూకే వేళ ఆముదపు దీపం మీద మూకుడు బోర్లించి, దానికి పట్టిన మసి గీకి కాటుక చేసేది.

ఆమె సంగతి అంతే. నిజానికి కథ ఇక్కడితో అయిపోవాలి. కాటుక చేసే ఆడవాళ్ళ గురించి ఎవరు కథలు చెప్పుకుంటారు? రాజుల గురించి చెప్పుకుంటారు. రాజుల గుర్రాల గురించి చెప్పుకుంటారు. కానీ నెమలిగుట్టలో ఆనాటి రాజు పేరు ఇవాళ ఎవరికీ గుర్తు లేదు. గుర్రం పేరు అసలే లేదు. అంకాలి పేరు మాత్రం పిల్లాజెల్లా, ముసలీముతకా అందరి నోటా ఉంది. ఎందుకుందో వినండి.

ఏ కాలమని అడగకండి. కోడి కూస్తే తెల్లారే కాలం. రాజు తుమ్మితే చట్టమయ్యే కాలం.

గుట్ట మీద కోట. కోట కింద మీదవాడ. మీదవాడకీ కింద కిందవాడ. కోటకీ మీదవాడకీ నడుమ, రాళ్ళ సందునుంచి ఒక ఊట పుట్టేది. కొబ్బరినీళ్ళంత తియ్యటి ఊట. మండువేసవిలో కూడా ఆగేది కాదు. కిందవాడలో ఉన్నది ఒక్క ఉప్పుబావి. ఆ నీళ్ళతో పప్పు ఉడకదు. ఆ నీళ్ళతో దాహం తీరదు. ఆ నీళ్ళు తాగిన పసిబిడ్డ నిలవదు.

ఊటలో కిందవాడ కుండ మునగకూడదు.

ఎందుకని అడిగితే ఒక్కటే జవాబు. "ఆకులో ఉంది."

అప్పటికి కాగితం లేదు. రాజు మాటని తాటాకు మీద గంటంతో గీసి, కోట గుమ్మం పక్కనున్న ఆకులింట్లో దాచేవాళ్ళు. ఊరు ఊరంతా ఆ ఇంటి మీద ఆధారపడి బతికేది, కానీ లోపల ఏముందో ఊరికి తెలియదు. కిందవాడ మనిషి మీదవాడలో చెప్పులు చేతబట్టుకుని నడవాలి. ఆకులో ఉంది. కోట ఊడవడానికి ఇంటికొక ఆడమనిషి వెట్టికి రావాలి. ఆకులో ఉంది. మొగుడు పోతే పొలం మరిదికి పోతుంది, పెళ్ళానికి రాదు. ఆకులో ఉంది.

అంకాలి మొగుడు పోయినప్పుడు వాళ్ళకున్న చెలక ముక్క అలాగే మరిది చేతికి పోయింది. ఆమె అప్పుడు ఏమీ అడగలేదు. దీపం ముట్టించింది, మూకుడు బోర్లించింది, కాటుక చేసుకుని బతికింది.

మంచి కాటుక అది. కంట్లో పెడితే చల్లగా ఉండేది, చెమటకి చెదిరేది కాదు. అందుకని కిందవాడ పిల్లలతో పాటు మీదవాడ పెళ్ళికూతుళ్ళకీ అదే కాటుక. కోటలో రాణులకీ అదే కాటుక. రాజు పుట్టినప్పుడు మొదట కంటికి పెట్టిందీ అదే. అంకాలి చెయ్యి తగిలితే మైల. అంకాలి కాటుక తగిలితే మైల కాదు. ఆమె బరిణెని గుమ్మం బయట రాయి మీద పెట్టి పక్కకి తప్పుకుంటే, దాసీ వచ్చి తీసుకుపోయేది. అలా కాటుక గుట్ట ఎక్కేది. నీళ్ళు మాత్రం గుట్ట దిగేవి కావు.

అంకాలికి ఒక్కతే కూతురు, పైడి. పైడికి మొదట మగపిల్లాడు పుట్టాడు. అంకాలి కాటుక పెట్టింది. బరిణె సగమవకముందే పిల్లాడు పోయాడు. తర్వాత ఆడపిల్ల పుట్టింది. అంకాలి కాటుక పెట్టింది. బరిణె సగమవకముందే పిల్ల పోయింది. మంత్రసాని చేతులు కడుక్కుంటూ చెప్పింది. "దిష్టి కాదు, దెయ్యం కాదు. నీళ్ళు. ఊటనీళ్ళు పడితే బతుకుతారు మీ పిల్లలు. ఇంతకన్నా నన్నేం అడగకండి."

మూడోసారి పైడి కడుపుతో ఉంది.

ఒకరోజు దీపం ముందు కూర్చున్న తల్లి దగ్గరికి వచ్చి పైడి అంది. "అమ్మా, ఈసారి నా బిడ్డకి కాటుక చెయ్యకు. నువ్వు చేస్తావు, నేను ఆశపడతాను. ఆ బరిణె చూస్తూ ఉండడం నావల్ల కాదు."

అంకాలి మూకుడు తీసి పక్కన పెట్టింది.

"ఆకులో ఉందంటారు గదే," అంది. "ఎవరన్నా చూశారా ఆ ఆకు?"

"ఎవరు చూస్తారు?"

"అడిగారా ఎవరన్నా?"

"ఎందుకడుగుతారు? ఆకులో ఉంది కదా."

"అయితే నేనడుగుతాను," అంది అంకాలి.

మొదటిసారి వెళ్ళింది. ఆకులింటి గుమ్మంలో ఎర్రన్న అనే బంట్రోతు కాపలా ఉన్నాడు. కర్ర ఎంత పొడవో మీసం అంత పొడవు.

"ఎర్రన్నా, ఊట సంగతి ఆకులో ఉందంటున్నారు. ఆ ఆకు చూపించు."

ఎర్రన్నకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది. "ఆకు చూస్తావా? నీ నీడ పడితే ఆకు మాడిపోద్దే."

"మాడడం చూశావా?"

"చూడక్కర్లేదు. ఆకులో ఉంది."

"నీడ పడితే మాడుతుందని కూడా ఆకులో ఉందా? ఏ ఆకులో?"

ఎర్రన్న ఆలోచించాడు. ఆలోచించడం అతని కొలువులో లేని పని. కోపం వచ్చింది. కర్ర నేలకేసి కొట్టాడు. "పోవే అవతలకి."

అంకాలి పోయింది. కిందవాడలో అప్పటికే మాట పాకింది. వదిన సన్నాసమ్మ బావి దగ్గరే పట్టుకుంది. "ఏమొదినా, ఆకు చూసి ఏం చేస్తావు, కూరొండుతావా?" ఆడవాళ్ళు నవ్వారు. అంకాలీ నవ్వింది. మగవాళ్ళు నవ్వలేదు. కులపెద్ద రచ్చబండ మీదనుంచి లేచి వచ్చాడు. "ఆడముండ నోటి దురదకి వాడంతా తన్నులు తినాలా? తాతలనాటినుంచి ఉప్పునీళ్ళు తాగి మనం బతకలేదా?"

అతను పుట్టి బుద్ధెరిగాక ఒక్కనాడూ కుండ ఎత్తలేదు. కుండ ఎత్తనివాళ్ళకే కుండ గురించి మాటలెక్కువ.

"బతికినవాళ్ళం బతికాం మావా," అంది అంకాలి. "బతకనివాళ్ళని అడగలేం కదా."

రెండోసారి వెళ్ళింది. ఈసారి ఎర్రన్న కర్ర ఎత్తేలోపల, లోపల్నుంచి ఆకులింటి పెద్ద పేర్రాజు పంతులు బయటికొచ్చాడు. చెడ్డవాడు కాడు. చీమని కూడా తొక్కకుండా నడిచే మనిషి. తాతముత్తాతలనుంచి ఆ ఇంటి తాళం వాళ్ళ మొలతాడుకే ఉండేది. అరుగు మీద కూర్చుని, దూరంగా నిలబడమని చెయ్యి చూపించి అడిగాడు.

"నీకు చదువొచ్చా?"

"రాదు పంతులుగారూ."

"మరి ఆకు చూసి ఏం లాభం?"

"చెవులున్నాయి. మీరు చదవండి, నేను వింటాను."

పంతులుకి నవ్వాగలేదు. నవ్వి, అంతలోనే ముఖం గట్టిచేసుకున్నాడు. "చూడమ్మీ. ఊట ఆకంటే మామూలు ఆకు కాదు. ఈ ఇంట్లో దానికి మించిన ఆకు లేదు. మా తాత మా నాన్నకి చెప్పాడు. మా నాన్న నాకు చెప్పాడు. నేను నీకు చెబుతున్నాను. ఆకులో ఉంది."

"మీరు చూశారా బాబూ?"

పంతులు మొలతాడుకున్న తాళం సర్దుకున్నాడు. "చూడాల్సిన అవసరం రాలేదు."

"నాకొచ్చింది."

"అది దేవుడిలాంటిది. దేవుణ్ణి విప్పి చూస్తామా?"

"రోజూ విప్పి స్నానం చేయిస్తారు కదా పంతులుగారూ."

పంతులు లేచి లోపలికి పోయి తలుపేసుకున్నాడు. కానీ ఆ పూట అతనికి భోజనం సయించలేదని వాళ్ళింటి ఆడవాళ్ళు తర్వాత చెప్పుకున్నారు.

ఊట ఆకు సంగతి ఇక్కడ మీకు చెప్పాలి. తాటాకు మీద గంటంతో రాస్తే అక్షరం ఊరికే కనపడదు. ఆకు రంగూ గీత రంగూ ఒకటే. పాతబడిన ఆకులో ఈనె గీతేదో అక్షరం గీతేదో దేవుడికే తెలియాలి. నూనె కలిపిన మసి పూసి తుడిస్తే, నలుపు గీతల్లో నిలుస్తుంది, అప్పుడు అక్షరం లేస్తుంది. ఆకులింట్లో అన్ని ఆకులకీ మసి పూశారు. ఊట ఆకుకి మాత్రం పూయలేదు. పూస్తే దాని మహిమ పోతుందని ఒక నమ్మకం. ఎర్ర పట్టుగుడ్డలో చుట్టి, మూడు ముళ్ళు వేసి పెట్టారు. ఆ ముడి ఎవరూ విప్పలేదు. ఎవరూ చదవలేదు కాబట్టే అందరికీ దాని మీద అంత భక్తి.

వానలు వెనకపట్టాక ఏటా ఒకరోజు ఆకులకి ఎండ చూపించేవాళ్ళు, పురుగు పట్టకుండా. కోట ముంగిట చాపలు పరిచి కట్టలన్నీ విప్పేవాళ్ళు. ఊట ఆకు మాత్రం పల్లకీలో వచ్చేది, బాజాలతో. రాజు ఎదురొచ్చేవాడు. ఊరు సాష్టాంగపడేది. ముడి విప్పేవాళ్ళు కాదు. గుడ్డకి ఎండ చూపించి మళ్ళీ లోపల పెట్టేవాళ్ళు. గుడ్డకి మాత్రం ఏ ఏడూ పురుగు పట్టలేదు.

ఆ ఏడు ఎండ చూపే రోజుకి పైడికి ఆడపిల్ల పుట్టి వారం దాటింది. మర్నాడు పురుడు. పైడి వద్దన్నా వినకుండా అంకాలి కాటుక చేసింది. చేసి, ఎవరికీ కనపడకుండా బరిణెని బొడ్లో దోపుకుంది. తెల్లవారకముందే వెట్టికి పిలుపొచ్చింది. కిందవాడ ఆడవాళ్ళందరితో పాటు చీపురు పట్టుకుని కోట ముంగిలి ఊడవడానికి వెళ్ళింది.

మూడోసారి వెళ్ళడం అంటే అదే.

బాజాలు మోగాయి. పల్లకీ వచ్చింది. రాజు ఎదురొచ్చాడు. మీదవాడ నేలకి వంగింది. కిందవాడ ఇంకా దూరంగా, ఇంకా కిందికి వంగింది. ఊడ్చే మనిషి బతుకంతా వంగే ఉంటుంది. ఆరోజు అంకాలి ఒక్కతే చీపురు పట్టుకుని నిటారుగా నిలబడింది.

"దొరా, ఆ ఆకు చూపించండి," అంది.

బాజాలు ఆగిపోయాయి. సన్నాసమ్మ పడుకున్న చోటే అంకాలి చీరకుచ్చిళ్ళు పట్టి గుంజింది. "వంగవే, చస్తావు." అంకాలి వంగలేదు.

రాజు కుర్రవాడు. జీవితంలో అతన్ని ఎవరూ ఏదీ చూపించమని అడగలేదు. "ఎవరు నువ్వు?"

"కాటుక అంకాలిని."

"ఆకుతో నీకేం పని?"

"నా కూతురి బిడ్డలు ఇద్దరు పోయారు దొరా. మూడోది పాలు తాగుతోంది. దానికి ఊటనీళ్ళు కావాలి. ఆకు వద్దంటోందట. ఏమని వద్దంటోందో ఒక్కసారి విని పోతాను. వద్దనే ఉంటే నా మనవరాలికి నేనే చెప్పుకుంటాను, ఫలానావాళ్ళు ఫలానా మాట రాశారు, అందుకని నీకు నీళ్ళు లేవు అని. ఊరికే చావమని ఎలా చెప్పను?"

రాజు పేర్రాజు వైపు చూశాడు. పేర్రాజు చేతులు జోడించాడు. "మహాప్రభూ, అది మసి పూయని ఆకు. విప్పినా అక్షరం కనపడదు. పూయడానికి మా దగ్గర పవిత్రమైన మసి లేదు."

"నా దగ్గర కాటుక ఉంది," అంది అంకాలి.

ముంగిలంతా గగ్గోలెత్తింది. మైల, మైల అన్నారు. అపచారం అన్నారు. కళ్ళు పోతాయన్నారు.

అంకాలి రాజు ముఖంలోకి చూసింది. "నా కాటుక మీ కళ్ళల్లో ఉంది దొరా. పుట్టిననాటినుంచి ఉంది. మీ కళ్ళు పోలేదు. ఆకుకి మీ కళ్ళకంటే మడి ఎక్కువా?"

రాజు తెలియకుండానే వేలితో కన్ను తుడుచుకున్నాడు. వేలు నల్లగా వచ్చింది. ఆ వేలి వంక చాలాసేపు చూశాడు.

"విప్పండి," అన్నాడు.

విప్పేవాళ్ళు లేరు. పల్లకీ మోసినవాళ్ళు వెనక్కి జరిగారు. ఎర్రన్న కర్ర కింద పడేశాడు. పేర్రాజు ముందుకొచ్చి మొదటి ముడి విప్పాడు. రెండో ముడి విప్పాడు. మూడో ముడి దగ్గర చేతులు వెనక్కి తీసుకుని, "నావల్ల కాదు, మా తాత పైనుంచి చూస్తున్నాడు" అని కూలబడ్డాడు. మూడో ముడి రాజు విప్పాడు. ఆకుని మాత్రం ముట్టుకోలేకపోయాడు. గుడ్డ మీద పడుకుని ఉంది ఆకు, ముసలివాళ్ళ చర్మంలా, గోధుమరంగులో, గీతలుగీతలుగా.

"నువ్వే పూయి," అన్నాడు రాజు.

అంకాలి చీపురు కింద పెట్టింది. పైటకొంగుతో చేతులు తుడుచుకుంది. బొడ్లోంచి మనవరాలి బరిణె తీసి, మూత తెరిచి, ఉంగరపు వేలు ముంచింది. పసిబిడ్డ కంటికి ఎలా పెడుతుందో అలాగే, ఒత్తకుండా, ఆకు ఈ చివరినుంచి ఆ చివరిదాకా పెట్టింది. ఆకు నల్లబడింది. కాటుక అయిపోయేదాకా పెట్టింది. పైటకొంగుతో మెల్లగా తుడిచింది.

అక్షరం లేవలేదు.

ఆకుని తిప్పింది. బరిణె గోడలకి మిగిలిన కాటుకని గోరుతో గీకి రెండోవైపు పెట్టింది. తుడిచింది.

అక్షరం లేవలేదు.

ఈనె గీతల్లో సన్నగా నలుపు నిలిచింది, అంతే. ఆకు ఖాళీ. ఎవరూ ఏమీ రాయలేదు. అరచేతి గీతల్లోనైనా రాసిందేదో ఉందంటారు. ఆ ఆకులో అదీ లేదు.

అంతమంది ఉన్న ముంగిట ఊట పారుతున్న చప్పుడు వినపడింది. కిందవాడ వాళ్ళు దాన్ని వినడం అదే మొదటిసారి. ఎన్ని వేసవులు, ఎంతమంది తల్లులు, ఎన్ని చిన్నచిన్న గుంటలు. అన్నీ ఈ ఆకు చెప్పిందనే. ఆకు ఏమీ చెప్పలేదు. ఎప్పుడో ఎవడో ఒక్కడు అబద్ధమాడాడు. తర్వాత వచ్చినవాళ్ళెవరికీ ఆ కష్టం కూడా లేకపోయింది. నమ్మితే సరిపోయింది.

మీదవాడ ముసలావిడ ఒకామె మెల్లగా లేచి నిలబడింది. ఆమె వెనక ఇంకొకామె. తర్వాత కిందవాడ ఆడవాళ్ళు లేచారు. ఎవరూ లేవమనలేదు. ఖాళీ ఆకు ముందు వంగి ఉండడం ఎవరికీ చేతకాలేదు.

పేర్రాజు నేలమీదే కూర్చుని చిన్నపిల్లాడిలా అన్నాడు. "మా తాత చెప్పాడు. మా తాత అబద్ధం చెప్పడు."

"మీ తాతకీ ఎవరో చెప్పే ఉంటారు పంతులుగారూ," అంది అంకాలి. అని రాజు వైపు తిరిగింది. "దొరా, నీళ్ళు?"

"తీసుకో," అన్నాడు రాజు.

రాజు మంచివాడని అనుకోకండి. సిగ్గుపడ్డాడు. ఊరందరి ముందూ తన తాతలు పల్లకీలో ఊరేగించింది ఒట్టి ఆకని తేలిపోయింది. సిగ్గు కూడా ఒక్కోసారి మంచితనమంత పని చేస్తుంది.

"ఇంకేం కావాలి?" అని అడిగాడు.

బంగారం అడుగుతుందనుకున్నారు. "మూడు కావాలి," అంది అంకాలి. "ఎవరొచ్చి ఏ ఆకు అడిగినా చూపించాలి. ఎందుకు అడుగుతున్నావని అడగకూడదు. చదువురానివాళ్ళకి పెద్దగా చదివి వినిపించాలి."

"చూపించకపోతే?"

"చూపించని ఆకు చెల్లదు."

రాజు ఒప్పుకున్నాడు. ఒప్పుకున్న మాట రాయమన్నాడు. పేర్రాజు కొత్త ఆకు తీసుకుని, కళ్ళు తుడుచుకుని, గంటం పట్టి రాశాడు. రాసి లోపలికి తీసుకుపోబోయాడు. అంకాలి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"మసి పూసి తీసుకెళ్ళండి పంతులుగారూ."

బరిణె ఖాళీ అయిపోయింది. ఆమె కొంగు చూసుకుంది. ఖాళీ ఆకుని తుడిచిన కాటుకంతా దానికే ఉంది. ఆ కొంగుతోనే కొత్త ఆకుని రుద్దింది. అక్షరాలు ఒక్కొక్కటే లేచాయి, చీమలబారులా. పేర్రాజు పెద్దగా చదివాడు. చూపించని ఆకు చెల్లదు. మళ్ళీ చదవమంది సన్నాసమ్మ. మళ్ళీ చదివాడు. మూడోసారి చదివేటప్పటికి కిందవాడ పిల్లలకి కూడా నోటికొచ్చేసింది.

ఆ సాయంత్రం పైడి బాలింత ఒంటితోనే ఊట దాకా నడిచి వచ్చింది. కుండ ముంచింది. కుండ నిండుతుంటే గుడగుడమన్న చప్పుడుకి ఏడ్చింది. మర్నాడు పురుట్లో పిల్ల కంటికి కాటుక లేదు. తల్లి కొంగు అంచున మిగిలిన నలుపుని పైడే వేలితో తీసి చుక్క పెట్టింది. ఆ పిల్ల నిలిచింది. పెరిగింది. తొంభై ఏళ్ళు బతికి, ఈ కథ తన మునిమనవలకి తనే చెప్పింది.

ఆకులింటి తలుపు ఆనాటినుంచి తెరిచే ఉంది. పేర్రాజు అరుగు మీద కూర్చుని గొంతు పోయేదాకా చదివాడు. అన్ని ఆకులూ ఖాళీ అనుకునేరు. చెప్పులు చేతబట్టుకోవాలని నిజంగానే రాసి ఉంది. వెట్టి సంగతీ రాసి ఉంది. కానీ ఫలానావాడు రాశాడని తెలిశాక, రాసినదాన్ని కొట్టేయమని అడగొచ్చు. పొట్లాడొచ్చు. పొట్లాడారు కూడా. అదంతా వేరే కథ, చాలా పొడుగు.

అంకాలి పండుముసలి అయ్యాక పోయింది. పోయిన రోజున మీదవాడ ఆడవాళ్ళు కూడా గుట్ట దిగి వచ్చారు. ఇంటికొక బరిణె తెచ్చారు. ఆమె చేతుల పక్కన పెట్టి మట్టి కప్పారు. కొందరు మగవాళ్ళు ఆమెకి గుడి కడదామన్నారు. దేవతైతే ఇక ఏమీ అడగదు కదా. ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. అందుకే నెమలిగుట్టలో అంకాలమ్మకి గుడి లేదు, బొమ్మ లేదు.

ఉన్నది ఇదీ. ఇప్పటికీ అక్కడ ఏ కాగితం ఇంటికొచ్చినా, పొలం పట్టా అయినా పిల్లల బడి కాగితమైనా, మూలన కాటుక చుక్క పెట్టి, ఇంటిల్లిపాదీ కూర్చుని పెద్దగా చదివించుకుంటారు. ఆఫీసులో గుమాస్తా తల ఎత్తకుండా "రూల్సులో ఉంది" అంటే, బల్ల ముందున్న ముసలమ్మ కదలదు. "కాటుక పెట్టి చూపించు నాయనా" అంటుంది. చూపించేదాకా అక్కడే నిలబడుతుంది. వెనక వరసలో ఉన్న ఆడవాళ్ళు ఆమెని తొందరపెట్టరు.

ఇంకొక్క మాట. ఊటనీళ్ళు వచ్చిన మూడోనాడు అంకాలి మళ్ళీ ఆకులింటికి వెళ్ళింది. మొగుడు పోతే పెళ్ళానికి పొలం రాదన్న ఆకు చూపించమంది. పేర్రాజు ఇల్లంతా వెతికాడు. ఆ ఆకే లేదు. ఆమె వెళ్ళి మరిది చేతిలోంచి నాగలి తీసుకుని, తన చెలక తనే దున్నుకుంది.